పద్యం కట్టే పూజారి

కొత్తగా ఒక మతం లేచిందంటే దాని మొదట్లో ఒక ప్రవక్తో, మహిమలు చూపే స్వామో ఉంటాడని అనుకుంటాం. ఐస్‌లాండ్ సంగతి అలా జరగలేదు. 1972 ఏప్రిల్ 20న అక్కడ కొద్దిమంది కూడి, క్రీ.శ. 1000లో తమ దేశం వదిలేసిన ఓడిన్, థోర్, ఫ్రేయా వంటి పాత దేవతల కొలుపును మళ్ళీ నిలబెట్టాలని 'ఆసాట్రూ' అనే సంఘం పెట్టుకున్నారు. దాని పెద్ద పూజారి పీఠం మీద కూర్చోబెట్టింది ఒక గొర్రెల రైతును. పేరు స్వేన్‌బ్యోర్న్ బేన్‌టేన్‌సన్. అప్పటికి వయసు నలభై ఏడు. వేదాంతంలో ఆయనకు పేరేమీ లేదు. ఉన్న పేరల్లా పాతకాలపు పద్యం కట్టడంలోనూ, దాన్ని గొంతెత్తి చదవడంలోనూ చెయ్యి తిరిగినవాడని. ఆ పద్యవిద్యే ఆయన్ని పూజారిని చేసిందని నా అభిప్రాయం. అందుకే ఈ పరిచయంలో ఆయన నమ్మకాలకంటే ఆయన పనితనానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఆయన 1924 జూలై 4న పడమటి ఐస్‌లాండ్‌లోని గ్రావర్‌దాల్ అనే కొండ లోయలో పుట్టాడు. ఎనిమిదిమంది సంతానంలో చిన్నవాడు. ఇంట్లో పద్యం రానివాళ్ళు తక్కువ. అక్క హల్డోరా కూడా కవయిత్రే. పాత ఇంగ్లీషు వీరకావ్యం 'బేవుల్ఫ్'ను ఐస్‌లాండిక్ పద్యాల్లోకి దించింది ఆవిడే. తర్వాత దగ్గర్లోని డ్రాగ్‌హౌల్స్ అనే పొలం ఆయనకు జీవితాంతం ఇల్లయింది. గొర్రెలు, గడ్డి కోతలు, పొడుగాటి చలికాలం, పుస్తకాలు. ఇదే బోర్గర్‌ఫ్యోర్ద్ ప్రాంతంలో రేక్‌హోల్త్ అనే ఊరుంది. పదమూడో శతాబ్దంలో స్నోర్రి స్టుర్లుసన్ అనే పండితుడు అక్కడ కూర్చునే నార్స్ దేవతల కథలనూ, పద్య లక్షణాలనూ గ్రంథస్థం చేశాడు. అంటే స్వేన్‌బ్యోర్న్ పుట్టిన నేలలోనే ఆ విద్యకు ఏడువందల ఏళ్ళ వేళ్ళున్నాయి.

మన గంపలగూడెం, తిరువూరు వైపు ఊళ్ళలో పౌరాణిక నాటకం ఆడుతుంటే, నటుడు పద్యం ఎత్తుకోగానే వెనక వరసలో చుట్ట కాలుస్తున్న మిరప రైతు కూడా తల ఊపుతాడు. యతి అంటే ఏమిటయ్యా అని అడిగితే చెప్పలేకపోవచ్చు. పద్యం ఎక్కడైనా కుంటితే మాత్రం ఆయన చెవికి ఠక్కున తెలిసిపోతుంది. ఐస్‌లాండ్ పల్లెల్లో చెవి సరిగ్గా ఇలాంటిదే. మట్టిగడ్డలు పేర్చి కట్టిన ఇళ్ళలో, చలికాలపు రాత్రుళ్ళు ఆడామగా ఉన్ని వడుకుతూ, అల్లుతూ కూర్చుంటే, ఒకరు 'రీమూర్' అనే కథాపద్యాలు చదివేవారు. వీరుల కథలు, రాజుల కథలు, మాయల కథలు. పద్నాలుగో శతాబ్దం నుంచి ఇరవయ్యో శతాబ్దం దాకా తెగకుండా నడిచిన సంప్రదాయమిది. స్వేన్‌బ్యోర్న్ చేతికి వచ్చిన పనిముట్టు ఇదే.

ఆ పనిముట్టును కాస్త దగ్గరగా చూద్దాం. రీమూర్ ఛందస్సుల్లో అందరి నోటా ఆడేది నాలుగు పాదాల చిన్న పద్యం. ఒకటి, మూడు పాదాల్లో నాలుగేసి తాళపు దెబ్బలు. రెండు, నాలుగు పాదాల్లో మూడేసి. ఒకటో పాదానికీ మూడో పాదానికీ, రెండో పాదానికీ నాలుగో పాదానికీ అంత్యప్రాస. ఇంతవరకు ఎవరైనా కట్టగలరు. అసలు పని ఆ తర్వాత ఉంది. మొదటి పాదంలో సరిగ్గా రెండు మాటలు ఒకే హల్లుతో మొదలవ్వాలి. ఆ రెండింటిలో ఒకటి మూడో దెబ్బ మీద పడి తీరాలి. రెండో పాదం తొలిమాట అదే హల్లుతో వాటికి జవాబివ్వాలి. మూడు, నాలుగు పాదాలకూ ఇదే కట్టుబాటు. ఆ కొలతను తెలుగులో పట్టుకుంటే ఎలా ఉంటుందో చూపడానికి నేనే ఒకటి అల్లాను. ఇందులో కవిత్వం వెతకొద్దు, కొలత చూడండి:

కొండల అంచున కురచటి బాట
కోనకు దిగినది జారి
గొర్రెలు తోలుతు గొణిగిన పాట
గూటికి చూపెను దారి

'కొండల', 'కురచటి' అని మొదటి పాదంలో జంట పడింది. 'కోనకు' అని రెండో పాదం అందుకుంది. 'గొర్రెలు', 'గొణిగిన' అన్న జంటను 'గూటికి' అందుకుంది. ప్రతి జంటపాదాల్లోనూ లెక్క మూడే. నాలుగోది పడితే చెవికి చాలుననిపిస్తుంది, మూడోది రాకపోతే కాలు జారినట్టు ఉంటుంది. మన యతి ఒకే పాదంలో మొదటి అక్షరానికీ యతిస్థానానికీ మధ్య నడుస్తుంది. వాళ్ళ కట్టు ఒక పాదం చివరను దాటి రెండో పాదం గుమ్మంలోకి చెయ్యి చాస్తుంది. అందువల్ల విన్నవాడికి రెండు పాదాలూ ఒకే ఊపిరిగా తోస్తాయి. రాతలో లేకుండా నోట నిలబడాల్సిన పద్యానికి ఇంతకంటే గట్టి ముడి ఉండదు. ఒక మాట మరిచిపోయినా, అది ఏ అక్షరంతో మొదలవ్వాలో మిగతా రెండు మాటలు గుర్తుచేస్తాయి.

తేడాలూ చూడదగ్గవే. మనకు హల్లు కలిస్తే చాలదు, దాని మీది అచ్చుకు కూడా మైత్రి ఉండాలి. వాళ్ళకు హల్లు కలిస్తే చాలు. అచ్చుల దగ్గర వాళ్ళు మరీ ఉదారులు. ఏ అచ్చుకు ఏ అచ్చయినా సరే. మనమైతే అకారానిదొక గుంపు, ఇకారానిదొక గుంపు, ఉకారానిదొక గుంపు అని వేరుచేసి కూర్చోబెట్టాం. కానీ స్క, స్ప, స్ట దగ్గరికి వచ్చేసరికి వాళ్ళు మనకంటే కఠినులు. స్ట ఉన్న మాటకు స్ట ఉన్న మాటే జోడు. ఉత్త సకారం పనికిరాదు. ఇవన్నీ పుస్తకం చూసి నేర్చుకునే నియమాలు కావు, వింటూ వింటూ ఒంటబట్టేవి.

ఈ చిన్న పద్యం మీద పనివాళ్ళు శతాబ్దాల తరబడి నగిషీలు చెక్కారు. ఒక రకంలో నాలుగు పాదాల్లోనూ రెండో దెబ్బ మీద పడ్డ మాటలన్నీ తమలో తాము ప్రాస కలవాలి. మన ద్వితీయాక్షర ప్రాసకు దూరపు చుట్టం అనుకోవచ్చు. అంత్యప్రాస ఎలాగూ తప్పదు, అక్షరాల కట్టు ఎలాగూ తప్పదు, వాటి మీద ఇది అదనం. ఇంకా కష్టమైనది 'స్లెట్టుబోంద్' అనే రకం. పద్యాన్ని చివరి మాట నుంచి మొదటి మాట దాకా వెనక్కి చదివినా ఛందస్సు చెడకూడదు, ప్రాస చెడకూడదు, అక్షరాల కట్టు చెడకూడదు, అర్థం రావాలి. మన చిత్రకవులు అనులోమ విలోమాల్లో అక్షరాన్ని తిప్పితే, వీళ్ళు మాటను తిప్పుతారు. ముందునుంచి చదివితే పొగడ్త, వెనకనుంచి చదివితే తిట్టు అయ్యేలా కట్టినవాళ్ళూ ఉన్నారు. ఊళ్ళో పెద్దమనిషిని ఎదురుగా నిలబెట్టి పొగిడి, ఆయన వెళ్ళాక అదే పద్యాన్ని తిరగేసుకుని నవ్వుకోవడానికి వీలైన విద్య.

స్వేన్‌బ్యోర్న్ తొలి పుస్తకం 1945లో వచ్చింది, రీమూర్ పద్యాలే. 1953లో వచ్చిన 'బ్రాగ్‌ఫ్రైథీ ఓగ్ హౌట్టతాల్' ఆయన పనితనానికి అసలు సాక్ష్యం. రీమూర్ ఛందస్సుల లక్షణ గ్రంథమది. లక్షణం వచనంలో చెప్పి ఊరుకోకుండా, ఛందస్సుల్లోని ఒక్కో భేదానికి ఒక్కో పద్యం తానే కట్టి, నాలుగు వందలకు పైగా భేదాలను వరసగా నడిపించాడు. స్నోర్రి పదమూడో శతాబ్దంలో ఇలాగే 102 పద్యాలతో 'హౌట్టతాల్' కట్టాడు. ఆ పేరునే స్వేన్‌బ్యోర్న్ మళ్ళీ పెట్టుకోవడం వినయమూ, సవాలూ రెండూను. మన అప్పకవి పదిహేడో శతాబ్దంలో లక్షణాన్ని పద్యంలోనే చెప్పి, లక్ష్యాన్నీ చూపించిన తీరు తెలిసిన పాఠకుడికి ఈ పుస్తకం పరాయిది అనిపించదు. ఒకరు రాసిన పద్యాలను ఏరి కూర్చితే అది సంకలనం. అన్ని భేదాల్లోనూ తానే పద్యం కట్టి చూపినవాడు, పనిముట్లన్నీ తన చేతిలో ఆడతాయని రుజువు పెట్టినట్టే.

ఆ పుస్తకం ఎప్పుడు వచ్చిందో చూస్తే ఆ పని విలువ ఇంకా తెలుస్తుంది. 1948లో స్టేన్ స్టేనార్ అనే గొప్ప కవి 'కాలమూ నీరూ' అనే అర్థం వచ్చే పేరుతో కొత్త తరహా కావ్యం వెలువరించాడు. ఆ రోజుల్లోనే, పాత పద్యరూపం చచ్చిపోయిందని బాహాటంగా ప్రకటించాడు కూడా. యువకవులు అక్షరాల కట్టునూ ప్రాసనూ తెంచుకుని వచనకవిత వైపు పోతున్నారు. మన దగ్గర 'మహాప్రస్థానం' పుస్తకంగా వచ్చింది 1950లో. రెండు దేశాల్లో దాదాపు ఒకే కాలంలో ఒకే తగాదా. నిజానికి రీమూర్‌కు తిట్లు కొత్త కావు. 1837లోనే యోనాస్ హల్‌గ్రిమ్‌సన్ అనే మహాకవి వాటిని చెత్త అన్నంత పని చేశాడు. ఆ గాలికి ఎదురుగా ముప్పై ఏళ్ళు కూడా నిండని రైతు కూర్చుని, ఎవరూ అడక్కుండానే, పాత ఛందస్సుల జాబితా మొత్తం కొత్త పద్యాలతో నింపాడు. తగాదాలోకి దిగలేదు, వ్యాసాలతో వాదించలేదు. పద్యం కట్టి పక్కన పెట్టాడు. 1966లో పాత రీమూర్‌ల సంకలనం ఒకటి కూర్చి అచ్చు వేయించాడు.

ఇక చదివే తీరు. రీమూర్‌ను పాడరు, వట్టిగా చదవరు. ఆ రెండింటికీ మధ్య ఒక రాగపు పలుకు ఉంటుంది. బాణీ చిన్నది. పట్టుమని నాలుగైదు స్వరాల్లోనే తిరుగుతుంది. వాద్యం ఉండదు. పద్యం చివర మాత్రం ఆఖరి స్వరాన్ని లాగి నిలబెడతారు. మన నాటకాల్లో నటుడు పద్యం చివర తీసే ఆలాపన గుర్తొస్తుంది. కానీ మనవాడు గమకాలతో ఊరంతా తిరిగి వస్తాడు, వాళ్ళు ఒకే స్వరం మీద కాలు ఊని నిలబడతారు. 1982లో 'ఎద్దుక్వైథీ' పేరుతో వచ్చిన రికార్డులో స్వేన్‌బ్యోర్న్ గొంతు వినవచ్చు. ఇందులో రీమూర్ కాదు, అంతకంటే పాతవైన, నార్స్ దేవతల కథలు చెప్పే 'ఎద్దా' పద్యాలు. గొంతు తియ్యగా ఉండదు. పొడిగా, నెమ్మదిగా, కాస్త గరగరగా ఉంటుంది. ఆయన ఎక్కడా భావం ఒలికించడు. లోకం ఎలా పుట్టిందో, ఎలా మునుగుతుందో చెప్పే పద్యాన్నీ, అతిథిని ఎలా చూసుకోవాలో చెప్పే పద్యాన్నీ ఒకే నిబ్బరంతో చెబుతాడు. అక్షరాల జంటలు పడే చోట చిన్న ఒత్తు ఇచ్చి వదిలేస్తాడు. మిగతా పని పద్యమే చేసుకుంటుంది. తన గొంతు వినిపించాలని ఆత్రపడని చదువరికే ఇది సాధ్యం.

ఇప్పుడు మతం సంగతి. నార్స్ దేవతల గురించి మనకు దక్కిన పద్యాల్లో ఎక్కువ భాగం ఒకే ఒక్క తోలుప్రతిలో ఉన్నాయి. పదమూడో శతాబ్దపు చివర్లో రాసిన ఆ ప్రతిని 1662లో డెన్మార్క్ రాజుకు కానుకగా పంపేశారు. అది తిరిగి సొంతగడ్డకు చేరింది 1971 ఏప్రిల్ 21న. ఓడ రేవుకు వస్తుంటే జనం వేలల్లో వచ్చి నిలబడ్డారు. ఆ తర్వాత ఏడాది తిరగడానికి ఒక్క రోజు ముందు ఆసాట్రూ సంఘం పుట్టింది. పాత పద్యాలు ఇంటికి వచ్చాయి. వాటిని నోటితో పలికేవాడు కావాలి. ఆ పని చేతనైన మనిషి డ్రాగ్‌హౌల్స్‌లో గొర్రెలు కాస్తున్నాడు.

1972 చివర్లో స్వేన్‌బ్యోర్న్, సంఘంలోని మరో మిత్రుడు కలిసి న్యాయ, మత వ్యవహారాల మంత్రి ఓలావుర్ యోహానెసన్ దగ్గరికి వెళ్ళి గుర్తింపు అడిగారు. వాళ్ళు వెళ్ళి వచ్చాక ఉరుములతో కూడిన గాలివాన వచ్చి నగరం నడిబొడ్డున కరెంటు పోయిందనీ, ఉరుముల దేవుడు థోర్ సిఫారసు చేశాడనీ అక్కడ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. లూథరన్ బిషప్ ఒప్పుకోలేదు. అయినా 1973లో ప్రభుత్వం గుర్తించింది. దాంతో ఈ పూజారి జరిపే పెళ్ళికి, పెట్టే పేరుకు, చేసే అంత్యక్రియకు చట్టం ముందు చర్చిలో జరిగినదానితో సమానమైన విలువ వచ్చింది. ఆ ఆగస్టులో తొలి బహిరంగ కొలుపు ఆయన పొలంలోనే, థోర్ ప్రతిమ ముందు, వాన పడుతుండగా జరిగింది.

కొలుపులో ఏం చేస్తారు? జంతుబలి లేదు. ఎద్దా పద్యాలు చదువుతారు, కొమ్ములో పానీయం పోసి చేతులు మారుస్తూ దేవతలకూ పెద్దలకూ మొక్కుకుంటారు, తర్వాత కలిసి భోంచేస్తారు. నమ్మి తీరాల్సిన సూత్రాలంటూ లేవు, ప్రవేశ ప్రమాణాలు లేవు. స్వేన్‌బ్యోర్న్ చెప్పింది కొద్దే: ప్రకృతిని గౌరవించు, ఎదుటివాణ్ణి సహించు, నీ పనికి నువ్వే జవాబుదారీ. కాబట్టి క్రతువు బరువంతా పద్యం మీదే పడింది. పద్యం చెడితే కొలుపు చెడినట్టే. ఇక్కడే ఆయన చిరకాల సాధన అక్కరకొచ్చింది. పుస్తకం చూసి కూడబలుక్కునే పూజారి అయితే అది వేషం అయ్యేది. వెయ్యేళ్ళనాటి పద్యం ఆయన నోట రోజూ మాట్లాడే భాషలా వచ్చేది. ఎందుకంటే ఎద్దా పద్యాన్నీ రీమూర్‌నూ కలిపే అక్షరాల కట్టు ఐస్‌లాండ్‌లో ఎన్నడూ తెగిపోలేదు. దేవతలు పోయినా ఛందస్సు మిగిలింది. క్రైస్తవ పాదిరీలు కూడా వందల ఏళ్ళు అదే అక్షరాల కట్టుతో భక్తిగీతాలు రాశారు. ఆయన కొత్తగా మతం కనిపెట్టలేదు, తెగని తాడు కొస పట్టుకుని వెనక్కి నడిచాడు.

ఆయన్ని చేరదీసిన యువకులు ఎవరో తెలిస్తే నవ్వొస్తుంది. తెల్లగడ్డం ముసలాయన్ని 1980ల పంక్ సంగీతం కుర్రాళ్ళు వేదికల మీదికి పిలిచారు. అప్పటి రేక్యవిక్ రాక్ బృందాల మీద ఫ్రిథ్రిక్ థోర్ ఫ్రిథ్రిక్సన్ తీసిన 'రోక్ ఈ రేక్యవిక్' సినిమాలో, పదహారేళ్ళ బ్యోర్క్ కేకల పక్కనే ఈయన పద్యం కూడా ఉంటుంది. పాతదాన్ని పాతదిగానే ఇచ్చాడు, వాళ్ళకోసం మసాలా కలపలేదు. అందుకే వాళ్ళకు అది కొత్తగా వినిపించింది.

మనకు ఇది దూరదేశపు వింత కానవసరం లేదు. గంపలగూడెం దాటి ఖమ్మం మీదుగా ఉత్తరానికి పోతే కోయగూడేలు వస్తాయి. మేడారంలో రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి సమ్మక్క, సారలమ్మలు గద్దెలెక్కుతారు. విగ్రహం లేదు, వేదగ్రంథం లేదు, కోయ వడ్డెలే పూజారులు. ఆ తల్లుల కథ, గోత్రాల కథ డోలీ కోయల పాటలోనూ, బొమ్మలు వేసిన పడిగె గుడ్డ మీదా బతికాయి. మణుగూరు దగ్గర కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఆ కథలను నోటనే నిలుపుకుని పాడినవాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశాడు. ఆయనకూ స్వేన్‌బ్యోర్న్‌కూ ఒక పెద్ద తేడా ఉంది. కోయల కొలుపు ఎన్నడూ ఆగలేదు, ఐస్‌లాండ్ కొలుపు తొమ్మిది వందల ఏళ్ళకు పైగా ఆగి మళ్ళీ మొదలైంది. పోలిక మాత్రం పైకి కనిపిస్తూనే ఉంది. రెండు చోట్లా దేవతకు గుడికంటే ముందు గొంతు కావాలి.

స్వేన్‌బ్యోర్న్‌ను గొప్ప కవుల వరసలో కూర్చోబెట్టమని నేను అనను. కొత్త భావంతో ఉలిక్కిపడేలా చేసే పద్యాలు ఆయనవి కావు. ఛందస్సు మీద మోజు ఒక్కోసారి చెప్పాల్సిన మాటను మింగేస్తుంది. అన్ని భేదాల్లోనూ పద్యం కట్టి తీరాలని పూనుకున్నవాడికి ఆ ప్రమాదం తప్పదు. మన చిత్రకవులకూ తప్పలేదు. కానీ ఆయన ఎంచుకున్న పనికి ఉలిక్కిపాటు కంటే పట్టు ముఖ్యం. పెళ్ళిలోనైనా చావులోనైనా పలకాల్సిన మాట తడబడకూడదు, ఎవరి నోటికైనా అందాలి, రేపు మళ్ళీ గుర్తుండాలి. ఆ కొలతతో తూస్తే ఆయన పనిలో వంక దొరకదు.

ఆయన 1993 డిసెంబరులో పోయాడు. పెద్ద పూజారి పదవి తర్వాత యోర్ముందుర్ ఇంగీ హాన్సెన్‌కు, 2003లో హిల్మార్ ఓర్న్ హిల్మార్సన్‌కు వచ్చింది. హిల్మార్ సినిమా సంగీత దర్శకుడు. రీమూర్ చదివే స్టేన్‌దోర్ ఆండర్సెన్‌తోనూ, సీగుర్ రోస్ బృందంతోనూ కలిసి పాత పద్యాలకు ఆర్కెస్ట్రా కట్టినవాడు. అంటే ఇప్పటికీ పీఠం చుట్టూ చెవి ఉన్న మనుషులే ఉన్నారు. నాలుగు లక్షల జనాభా కూడా లేని దేశంలో సభ్యులు ఐదు వేలు దాటారు. రేక్యవిక్‌లోని ఓస్క్యుహ్లీథ్ గుట్ట దగ్గర గుడి పని 2015లో మొదలైంది. ఐరోపాలోనూ అమెరికాలోనూ ఇవే దేవతల పేర్లు చెప్పుకుని జాతి అహంకారాన్ని ఊదే గుంపులున్నాయి. ఐస్‌లాండ్ సంఘం వాళ్ళను దగ్గరికి రానివ్వలేదు. రక్తాన్ని కాదు, పద్యాన్ని వారసత్వంగా తీసుకున్నవాళ్ళకు అలా వద్దని చెప్పడం తేలిక. రక్తం పుట్టుకతో వస్తుంది, పద్యం ఎవరు నేర్చుకుంటే వాళ్ళది.

'ఎద్దుక్వైథీ' దొరికితే తెలుగు పాఠకుడు భాష రాదని వెనకాడకుండా వినాలి. అర్థం సంగతి పక్కన పెట్టి, జంట అక్షరాలు ఎక్కడ పడుతున్నాయో, వాటికి జవాబు ఎక్కడ వస్తోందో పట్టుకుంటూ పోవాలి. యతిప్రాసలు విని పెరిగిన చెవికి నాలుగైదు పద్యాలు గడిచేసరికి దారి దొరుకుతుంది. పూజారిగా ఆయన్ని మనం కొలవనక్కర్లేదు. పనివాడిగా ఆయన మనవాడే.